కన్ను కాగితం మీద, చేయి అంకెల మీద

కీబోర్డు మీద చేతి వేగాన్ని కొలవడానికి ఉద్యోగ నియామక పరీక్షలు రెండు కొలతలను వాడుతున్నాయి. మొదటిది నిమిషానికి ఇన్ని పదాలు అనే పాత టైపు మిషన్ల కాలపు కొలత. ఇందులో పదమంటే నిఘంటువులోని పదం కాదు, ఖాళీలను కూడా కలుపుకొని ఐదు నొక్కులు పూర్తయితే ఒక పదమని లెక్క. రెండవది గంటకు ఇన్ని కీ డిప్రెషన్లు, అంటే ఇన్ని నొక్కులు, అనే కొలత. పదాలకు బదులు అంకెలూ సంకేతాలూ ఎక్కించే పనికి ఇది తగినది. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ ఇంటర్మీడియట్ అర్హతతో నిర్వహించే పరీక్షలో గుమస్తా స్థాయి ఉద్యోగానికి ఇంగ్లీషులో నిమిషానికి 35 పదాల వేగం కావాలని చెబుతూ, అది గంటకు 10,500 నొక్కులతో సమానమని తానే వివరిస్తుంది. డేటా ఎంట్రీ ఆపరేటరుకు మాత్రం సాధారణంగా గంటకు 8,000 నొక్కులు, కొన్ని పోస్టులకు 15,000 నొక్కులు అడుగుతుంది. ఆ 8,000ను నిమిషానికి ఇన్ని పదాలన్న లెక్కలోకి మారిస్తే 27 కూడా నిండవు కనుక, డేటా ఎంట్రీకే ప్రత్యేకంగా చేరేవారి నుంచి గుమస్తాల కంటే తక్కువ వేగాన్ని ఆశించడమనే వింత ఈ అంకెల్లో ఇమిడి ఉంది.

ఈ కొలతలు వేళ్లు ఎంత త్వరగా కదిలాయో చెబుతాయి గాని ఎలా కదలాలో చెప్పవు. ఆ విషయంలో వృత్తిలో ఉన్నవారే రెండు పక్షాలుగా చీలి ఉన్నారు. కింది సంవాదంలో ఒకరు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలకు విద్యార్థులను తయారుచేసే శిక్షకుడు. మరొకరు డేటా ఎంట్రీ కేంద్రంలో పని పంచి, సరిచూసి, వేతనం లెక్కకట్టే పర్యవేక్షకురాలు. పాత్రలు కల్పితాలే అయినా ఈ వృత్తిలో ఆ వాదనలు నిత్యం వినిపించేవే.

శిక్షకుడు: చూడకుండా కొట్టే పద్ధతికి ఆధారం ఒక్క నియమమే. ప్రతి మీటకూ ఒక నిర్ణీతమైన వేలు ఉంటుంది, ప్రతి వేలికీ తిరిగి వచ్చి ఆగవలసిన ఒక స్థానం ఉంటుంది. ఎడమచేతి నాలుగు వేళ్లు ఏ, ఎస్, డి, ఎఫ్ మీటల మీదా, కుడిచేతి నాలుగు వేళ్లు జె, కె, ఎల్, సెమికోలన్ మీటల మీదా ఆనుకొని ఉండి, పైవరసకు వెళ్లినా కిందివరసకు వెళ్లినా అక్కడికే మళ్లీ చేరుకుంటాయి. ఎఫ్, జె మీటల మీద వేలికి తగిలేలా చిన్న గీత ఉబ్బెత్తుగా ఉండేది ఇందుకే. ఇన్‌స్టిట్యూట్లలో మొదటి పాఠాన్ని విసుగు పుట్టేదాకా కొట్టించడం వేగం కోసమని బయటివారు అనుకుంటారు గాని, అది చేయి కంటి సాయం లేకుండా తన చోటును తాను పోల్చుకోవడానికే. 1888 జూలై 25న అమెరికాలోని సిన్సినాటి నగరంలో జరిగిన పోటీలో ఫ్రాంక్ మెక్‌గురిన్ అనే కోర్టు స్టెనోగ్రాఫరు మీటలన్నిటినీ కంఠస్థం చేసి, రెమింగ్టన్ మిషను మీద చూడకుండా కొట్టి, లూయిస్ ట్రాబ్ అనే ప్రసిద్ధ టైపిస్టును ఓడించిన నాటి నుంచి ఈ పద్ధతి ప్రపంచమంతటా బోధనకు పునాది అయింది.

పర్యవేక్షకురాలు: మాస్టారూ, ట్రాబ్ వాడిన కాలిగ్రాఫ్ మిషనులో ఇంగ్లీషు పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ వేర్వేరు మీటలు ఉండేవి, అంటే అతని చేయి దాదాపు రెట్టింపు మీటల మీద తిరగాలి. అందుచేత ఆ రోజు గెలిచింది పద్ధతా, మిషనా, లేక మెక్‌గురిన్ అనే మనిషి ప్రత్యేకతా అన్నది ఒక్క పోటీతో తేలే విషయం కాదు. ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో 30 మంది వేళ్ల కదలికలను కెమెరాలతో నమోదు చేసి చూసినప్పుడు, శిక్షణ పొంది పది వేళ్లతో కొట్టేవారూ, సొంతంగా నేర్చుకొని తక్కువ వేళ్లతో కొట్టేవారూ వేగంలో దాదాపు సమానంగా నిలిచారు. అదే బృందం కేంబ్రిడ్జి పరిశోధకులతో కలిసి 2018లో ప్రచురించిన మరో అధ్యయనంలో 1,68,000 మంది కొట్టిన 13.6 కోట్ల నొక్కులను పరిశీలించగా, సగటు వేగం నిమిషానికి 52 పదాలని తేలింది. వేగవంతులను మిగతావారి నుంచి వేరుచేసే లక్షణాల్లో ముఖ్యమైనది, ఒక మీట మీది నుంచి వేలు ఇంకా లేవకముందే మరో వేలు తరువాతి మీటను నొక్కేయడం. ఆ లక్షణం ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్టు లేనివారిలోనూ ఉంది. కాబట్టి వేలికొక చోటు అనే నియమాన్ని శాస్త్రంగా కాక ఆచారంగా భావించడమే న్యాయం.

శిక్షకుడు: ఆ 2016 నాటి పరిశోధనను సగం దగ్గర ఆపకూడదు మేడమ్. సొంతంగా నేర్చుకొని వేగం సాధించినవారు వేళ్లను తోచినట్టు వాడలేదు. ఒక అక్షరాన్ని ఎప్పుడూ ఒకే వేలితో కొట్టారు, చేతులను అనవసరంగా కదిలించలేదు, తరువాతి మీట వైపు వేలిని ముందే చాపి ఉంచారు. వేళ్ల సంఖ్య తగ్గింది గాని నియమం పోలేదు. ఎవరి నియమాన్ని వారు తయారు చేసుకున్నారంతే. అయితే వారి కళ్లు, శిక్షణ పొందినవారి కళ్ల కంటే ఎక్కువసేపు కీబోర్డు మీదే ఉన్నాయి. సొంత ఆలోచనను తెర మీద రాసుకునేవారికి దానివల్ల పెద్ద నష్టం లేదు, ఎందుకంటే వారు చూడవలసిన కాగితమంటూ ఏదీ లేదు. పక్కన కాగితం పెట్టుకొని అందులో ఉన్నదాన్ని ఉన్నట్టు ఎక్కించేవారి సంగతి వేరు. వారి చూపు కాగితం నుంచి మీటలకు, మీటల నుంచి తెరకు, తెర నుంచి కాగితానికి తిరుగుతూ ఉంటే, తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆగిన వరసను వెతుక్కోవాలి.

ఇంతవరకు సాగిన వాదంలో ఇద్దరూ టైపింగు అనే ఒకే మాటతో రెండు పనులను సూచిస్తున్నారు. సొంత రచనను కీబోర్డు మీద కూర్చడం ఒకటి, ఉన్న పాఠాన్ని నకలు చేయడం మరొకటి. మొదటి దానిలో ఆలోచనే వేగానికి హద్దు గీస్తుంది. నిమిషానికి 60 పదాలు కొట్టగలవారికి కూడా 60 పదాల ఆలోచన నిమిషం తరువాత నిమిషం పుట్టదు. ఇన్‌స్టిట్యూట్లూ డేటా ఎంట్రీ కేంద్రాలూ పుట్టింది రెండవ పని కోసం కనుక, చర్చ అటువైపు మళ్లడం సహజం.

శిక్షకుడు: నకలు చేసేటప్పుడు కన్ను చేతి కంటే ముందు నడుస్తుంది. నిపుణులైన టైపిస్టుల వేలు ఒక అక్షరం మీద ఉండగా చూపు అప్పటికే కొన్ని అక్షరాలు దాటి ఉంటుంది. దీన్ని కంటికీ చేతికీ మధ్య దూరం అనవచ్చు. తిమోతీ సాల్ట్‌హౌస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1984లో ప్రచురించిన పరిశోధనలో, వయసు పైబడిన టైపిస్టుల వేళ్లు విడిగా పరీక్షిస్తే నెమ్మదించాయి గాని టైపింగు వేగం తగ్గలేదు. వారు యువకుల కంటే మరికొన్ని అక్షరాలు ముందుకు చూస్తూ ఆ లోటును పూడ్చుకున్నారు. కళ్లు మీటల మీద ఉన్నవారికి ఈ ముందుచూపు సాధ్యం కాదు కదా?

పర్యవేక్షకురాలు: ముందుచూపు ఇంగ్లీషు గద్యంలో పనిచేస్తుంది, సందేహం లేదు. కాని అదే రంగంలోని మరో ఫలితాన్ని కూడా పక్కన పెట్టుకోవాలి. వాక్యంలోని పదాలను తారుమారు చేసి అర్థం లేకుండా ఇచ్చినా నిపుణుల వేగం పెద్దగా తగ్గదు. పదాల లోపలి అక్షరాలనే కలగాపులగం చేసి ఇస్తే వేగం బాగా పడిపోతుంది. అంటే చేతికి సాయం చేస్తున్నది అర్థం కాదు, చేయి ఇదివరకు వేలసార్లు కొట్టిన అక్షరాల జతలు. అంకెల్లో అటువంటి అలవాటైన జతలు లేవు. ఇంగ్లీషులో టి తరువాత హెచ్ వచ్చే అవకాశం ఎక్కువని చేతికి తెలుసు. 4 తరువాత ఏ అంకె వస్తుందో ఏ చేతికీ తెలియదు. అందుకే గద్యం మీద కట్టిన సిద్ధాంతాలను అంకెల మీదికి తెచ్చేటప్పుడు జాగ్రత్త కావాలి. ఆ జాగ్రత్త నియామక పరీక్షకే లేదు: డేటా ఎంట్రీ ఆపరేటరుకు కమిషన్ పెట్టే పరీక్ష 15 నిమిషాల్లో సుమారు 2,000 నుంచి 2,200 నొక్కులున్న ఇంగ్లీషు గద్యభాగం. ఆ పరీక్ష నెగ్గిన అభ్యర్థికి మొదటి రోజు చేతికిచ్చేది మాత్రం అంకెల పట్టిక.

ఈ అభ్యంతరం బలమైనది. తెలుగు పాఠాన్ని ఎక్కించే పనిలో కూడా దీనికి సాక్ష్యం కనిపిస్తుంది. భారత ప్రభుత్వం ప్రమాణంగా గుర్తించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లుల్లో అధికభాగం కుడిచేతి వైపు ఉంటాయి. తెలుగు అన్న మాటను ఆ అమరికలో కొడితే ఆరు నొక్కులూ కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ చేతులు మార్చుకుంటూ సాగుతాయి. అదే మాటను ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణ ఆధారంగా కొట్టినా ఆరు నొక్కులే, కాని మొదటి రెండూ ఎడమచేతి మీద, తరువాతి రెండూ కుడిచేతి మీద పడతాయి. చేతులు మారినప్పుడు ఒక చేయి నొక్కుతుండగా రెండవది సిద్ధమవుతుంది కనుక వేగం పెరుగుతుందని టైపింగు పరిశోధకులు చాలాకాలం కిందటే గుర్తించారు. అయినా తెలుగు ఆపరేటర్లలో ఒకరు టైపు మిషను అమరికనూ, మరొకరు ఆపిల్ అమరికనూ, ఇంకొకరు ఉచ్చారణ అమరికనూ వాడుతూ ఉండడంతో, కార్యాలయం మారినప్పుడల్లా అలవాటైన జతలు చెదిరిపోతాయి. మంచి అమరికకు ఉన్న లాభంలో చాలా భాగం అక్కడే ఖర్చవుతుంది. అంకెల విషయంలో అదృష్టవశాత్తు ఇంత గందరగోళం లేదు గాని, చిన్న గందరగోళం ఒకటి ఉంది.

శిక్షకుడు: అంకెల్లో అలవాటైన జతలు లేవన్న మాటే ఈ పద్ధతికి అన్నిటికంటే గట్టి సమర్థన. గద్యంలో చూపు ఒక క్షణం మీటల మీదికి జారినా మాట గుర్తుంటుంది, మాట తన స్పెల్లింగును తానే అందిస్తుంది. అంకెల వరసలో చూపు జారితే పోయిన చోటును పూడ్చే ఆధారమే ఉండదు. అందువల్ల నంబర్ ప్యాడ్ మీద చూడకుండా కొట్టడం ఐచ్ఛికం కాకూడదు. దాని నియమాలు కూడా చాలా తక్కువ. కుడిచేతి చూపుడువేలు 4 మీద, నడిమివేలు 5 మీద, ఉంగరపు వేలు 6 మీద ఆనుతాయి. నడిమివేలికి చోటు తెలియడానికి 5 మీద ఉబ్బెత్తు గుర్తు ఉంటుంది. చూపుడువేలు 7, 4, 1ను, నడిమివేలు 8, 5, 2ను, ఉంగరపు వేలు 9, 6, 3తో పాటు దశాంశ బిందువును చూసుకుంటాయి; సున్న బొటనవేలిది, ఎంటర్, ప్లస్ మీటలు చిటికెన వేలివి. మూడు వేళ్లు నిలువుగా పైకీ కిందికీ కదలడమే గాని పక్కకు జరగవలసిన పని లేదు. ఎడమచేయి ఖాళీగా ఉండదు. కాగితం మీద స్కేలు పెట్టి ఒక్కొక్క వరస కిందికి జరపడం, చీటీలు తిప్పడం దాని వంతు. అక్షరాల కీబోర్డు నేర్వడానికి నెలలు పట్టవచ్చు గాని ఈ పది మీటలు నేర్వడానికి అంతకాలం అక్కరలేదు.

పర్యవేక్షకురాలు: ఆ అమరిక ఏ శాస్త్రం చెబితే వచ్చింది మాస్టారూ? డార్ ఫెల్ట్ 19వ శతాబ్ది చివర తయారుచేసిన కాంప్టోమీటర్ అనే లెక్కల యంత్రంలో ఒకట్ల స్థానానికి ఒక నిలువు వరస, పదుల స్థానానికి మరొకటి, ఇలా ప్రతి స్థానానికీ 1 నుంచి 9 వరకు విడివిడి మీటలు ఉండేవి. దాని మీద ఆరితేరిన ఆపరేటర్లు 5 దాటిన మీటల జోలికే పోకుండా, 9 కావలసినచోట 5ను, 4ను నొక్కేవారు. నొక్కులు పెరిగినా చేయి పైదాకా చాచే శ్రమ తప్పి మొత్తం మీద వేగమే పెరిగేది. ఆ తరువాత 1914లో అమెరికాలో డేవిడ్ సండ్‌స్ట్రాండ్ పది మీటల కూడిక యంత్రాన్ని తెచ్చి 7, 8, 9ను పైవరసలో పెట్టాడు. నేటి నంబర్ ప్యాడ్ దాని వారసత్వమే. టెలిఫోను డయలు బదులు మీటలు పెట్టదలచిన బెల్ ప్రయోగశాల వారు 1960 నాటికి అనేక అమరికలను మనుషుల మీద పరీక్షించి 1, 2, 3ను పైన పెట్టారు. బ్రిటన్‌లో కాన్‌రాడ్, హల్ అనే పరిశోధకులు 1968లో ఈ రెంటినీ పోల్చి, తప్పులు తక్కువగా వచ్చినది ఫోను అమరికలోనేనని చూపారు. అయినా కంప్యూటరు పాత యంత్రం అమరికనే పట్టుకుంది. ఏటీఎం, కార్డు గీసే యంత్రం, మొబైల్ ఫోను ఒక దారిలో, ఆఫీసు కీబోర్డు మరో దారిలో నడుస్తున్నందువల్ల, రోజంతా ఫోను వాడి వచ్చిన కొత్త ఆపరేటరు 1 బదులు 7, 3 బదులు 9 కొట్టడం డేటా ఎంట్రీ కేంద్రాల్లో మామూలు. చూడకుండా కొట్టమని బలవంతపెట్టిన మొదటి వారాల్లోనే ఈ తప్పులు ఎక్కువ.

శిక్షకుడు: అమరిక గొప్పదని ఎవరూ అనడం లేదు, ఉన్న అమరికను చేతికి ఎక్కించాలన్నదే వాదం. పైగా ఆ తప్పును ముందు పసిగట్టేది చేయే. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ లోగన్, మాథ్యూ క్రంప్ 2010లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, టైపిస్టులు చేసిన తప్పులను కొన్నిసార్లు తెర మీద రహస్యంగా దిద్దారు, చేయని తప్పులను కొన్నిసార్లు చొప్పించారు. అడిగితే టైపిస్టులు తెర చూపించిందే తమ పని అని నమ్మారు. వారి వేళ్లు మాత్రం నిజంగా తప్పు జరిగినచోటే నెమ్మదించాయి, చొప్పించిన తప్పును పట్టించుకోలేదు. లోగన్ బృందమే 2014లో మరొక సంగతి చూపింది: ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి అక్షరాలు నింపమంటే, రోజూ వేగంగా కొట్టేవారు కూడా 26 అక్షరాల్లో సగటున 15 మాత్రమే సరైన చోట పెట్టగలిగారు. అంటే ఈ జ్ఞానం మనసులో పటంలా లేదు, వేళ్లలో కదలికగా ఉంది. ఒక అంకెను ఒకసారి చూపుడువేలితోనూ మరోసారి నడిమివేలితోనూ కొట్టే చేతికి ఏది తన కదలిక, ఏది తప్పు కదలిక అని తెలిసే దారి ఎక్కడ?

పర్యవేక్షకురాలు: లోగన్ పరీక్షించింది మాటలు కొట్టే టైపిస్టులను. ఇంగ్లీషు మాట కొట్టేటప్పుడు చేతిలో ఉండే నమూనా 83,047 కొట్టేటప్పుడు ఉండదని ఇంతకుముందే ఒప్పుకున్నాం. అందుకని తప్పును పట్టే భారం చేతి మీద పెట్టడం ప్రమాదం. దాన్ని పని అమరిక మీద పెట్టాలి. పంచ్ కార్డుల కాలంలోనే ఆ తెలివి ఉంది: ఒకరు రంధ్రాలు వేసిన కార్డును మరొకరు వెరిఫయర్ అనే యంత్రంలో పెట్టి అదే కాగితం చూసి మళ్లీ కొట్టేవారు, ఐబీఎం 059 యంత్రంలో రెండూ సరిపోతే కార్డు కుడి అంచున గాటు పడేది, సరిపోకపోతే తప్పున్న గడికి పైన గాటు పడేది. నేటి ద్వంద్వ నమోదు, అంటే ఒకే పత్రాన్ని ఇద్దరితో విడివిడిగా ఎక్కించి పోల్చడం, ఆ పద్ధతే. వీటికి తోడు సంఖ్యలోనే కాపలా పెట్టవచ్చు. డచ్ గణితవేత్త యాకోబస్ వెర్హోఫ్ 1969లో అంకెల తప్పులను వర్గీకరించి చూపినప్పుడు, పదింట దాదాపు ఎనిమిది తప్పులు ఒక అంకెకు బదులు మరొకటి పడినవి, పదింట ఒకటి పక్కపక్క అంకెలు తారుమారైనది. ఆయన రూపొందించిన సూత్రంతో సంఖ్య చివర చేర్చే తనిఖీ అంకె ఈ రెండు రకాలనూ పూర్తిగా పట్టుకుంటుంది. ఆధార్ సంఖ్యలోని 12 అంకెల్లో చివరిది అటువంటిదే. బ్యాంకు కార్డుల మీద వాడే లూన్ సూత్రం ఇంతకంటే సులువైనది, కాని 09కి బదులు 90 పడితే గుర్తించలేదు.

శిక్షకుడు: సంఖ్య చివర కాపలా అంకె ఉన్నచోట అది చాలు. మార్కెట్ యార్డు తూకపు చీటీలో, విద్యుత్ మీటరు రీడింగులో, రసీదు మీది రూపాయల్లో ఆ అంకె ఎక్కడిది?

పర్యవేక్షకురాలు: అక్కడ వేరే కాపలాలు ఉంటాయి. 5,470కి బదులు 5,740 పడితే తేడా 270. పక్కపక్క అంకెలు తారుమారైనప్పుడు వచ్చే తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంది కనుక, రోజు మొత్తం కుదరనప్పుడు తేడాను 9తో భాగించి చూసే అలవాటు లెక్కల గుమస్తాలకు కంప్యూటరు రాకముందు నుంచే ఉంది. కొలమానం కూడా కొన్నిచోట్ల కాపలా కాస్తుంది. తెలంగాణలో భూమి విస్తీర్ణాన్ని ఎకరాలు, గుంటల్లో రాస్తారు. ఎకరానికి 40 గుంటలే కనుక 2 ఎకరాల 35 గుంటలకు బదులు 2 ఎకరాల 53 గుంటలు కొడితే ప్రోగ్రామే తిరస్కరించగలదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరానికి 100 సెంట్లు; 2.35ను 2.53గా కొట్టినా అది చెల్లుబాటయ్యే విస్తీర్ణమే, ఏ ప్రోగ్రామూ దాన్ని ఆపదు.

ఒకే రకం తప్పు, ఒకే రకం వేలు. రాష్ట్ర సరిహద్దుకు ఒక వైపున గడి ఒప్పుకోదు, మరో వైపున ఒప్పుకుంటుంది. పర్యవేక్షకురాలి వాదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు గాని, అదే ఉదాహరణ శిక్షకునికి కూడా ఉపయోగపడింది.

శిక్షకుడు: ఆ సెంట్ల గడి దగ్గర మిగిలిన కాపలా చేయీ కన్నూ మాత్రమే కదా మేడమ్! ద్వంద్వ నమోదు చేయించవచ్చు. దానికి ఖర్చు రెట్టింపు. పైగా చేతిరాతలో 1, 7ల మధ్య తేడా మసకగా ఉంటే ఇద్దరు ఆపరేటర్లూ ఒకేలా తప్పుగా చదువుతారు, పోలిక కుదిరిపోతుంది, తప్పు సరైనదిగా ముద్రపడుతుంది. అటువంటి చీటీ దగ్గర ఆగి, పైవరసలో అదే చేయి 7 ఎలా రాసిందో చూసి నిర్ణయించుకోగలిగేది కళ్లు కాగితం మీద ఉన్న ఆపరేటరు ఒక్కరే. మీటలు వెతికే కళ్లకు ఆ తీరిక ఉండదు.

పర్యవేక్షకురాలు: ఈ ఒక్క విషయంలో అభ్యంతరం లేదు. నంబర్ ప్యాడ్ వరకు చూడకుండా కొట్టడం నేర్పవచ్చు. కాని ఆ నేర్పుకు శరీరం కూడా సహకరించాలి. ఇన్‌స్టిట్యూట్లు దాన్ని మరిచిపోతాయి. కీబోర్డు వెనుక ఉండే చిన్న కాళ్లను పైకి లేపితే మీటలు బాగా కనిపిస్తాయని చాలామంది లేపి పెట్టుకుంటారు. దానివల్ల మణికట్టు వెనక్కు వంగి, ఎముకలకూ స్నాయువులకూ మధ్య నుంచి వెళ్లే నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. మీటలను చూడనివారికి ఆ కాళ్లతో పనేముంది?

శిక్షకుడు: నిజమే, వాటిని మడిచి ఉంచాలి; మోచేయి ఒంటికి దగ్గరగా, ముంజేయి నేలకు సమాంతరంగా, మణికట్టు బల్ల అంచుకు ఆనకుండా ఉండాలి. నంబర్ ప్యాడ్ కొట్టేవారు చేసే మరో పొరపాటు, కీబోర్డులోని అక్షరాల భాగాన్ని ఒంటికి ఎదురుగా పెట్టుకొని కుడిచేతిని పక్కకు చాచి గంటల తరబడి పనిచేయడం. అంకెలు మాత్రమే ఎక్కించే రోజున నంబర్ ప్యాడే కుడి భుజానికి ఎదురుగా రావాలి, కాగితం ఎడమవైపు స్టాండు మీద తెర ఎత్తులో నిలవాలి. వేళ్లు మీటను కొట్టకూడదు, నొక్కాలి. పాత టైపు మిషనుకు అవసరమైన బలం ఇప్పటి మీటకు అక్కరలేదు, అయినా ఆ బలాన్ని వారసత్వంగా నేర్పే బోధకులు ఇంకా ఉన్నారు. ఇక విరామం సంగతి కేంద్రాలవారు చెప్పాలి.

పర్యవేక్షకురాలు: అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ వారు 2000లో ప్రచురించిన అధ్యయనంలో డేటా ఎంట్రీ ఉద్యోగులకు మామూలు విరామాలకు తోడు గంటకు ఐదు నిమిషాల చొప్పున అదనపు విరామాలు ఇచ్చి చూస్తే, చేతుల్లోనూ కళ్లలోనూ ఇబ్బంది తగ్గింది, రోజు మొత్తం పని మాత్రం తగ్గలేదు. ఆ ఐదు నిమిషాలు ఇవ్వడానికి చాలా కేంద్రాలు ఇష్టపడవు, ఎందుకంటే గంటకు ఇన్ని నొక్కులు అనే కొలతలో విరామానికి గడి లేదు. ఇక్కడే అసలు పేచీ ఉంది. నూటికి 99 నొక్కులు సరిగ్గా పడితే ఇన్‌స్టిట్యూట్‌లో అభినందిస్తారు. పది అంకెల సంఖ్యలో పది నొక్కులూ సరిగ్గా పడితేనే ఆ సంఖ్య పనికొస్తుంది కనుక, ఆ 99 శాతం శుద్ధితో వంద సంఖ్యలు ఎక్కిస్తే దాదాపు పది సంఖ్యలు పాడవుతాయి. వెయ్యి నొక్కులకు ఒకటే తప్పు అనే స్థాయికి వచ్చినప్పుడు గాని వందలో ఒక సంఖ్య దాకా తగ్గదు. కాబట్టి పరీక్ష పెడితే అంకెలతోనే పెట్టాలి, తప్పు పడిన మీటకు కాదు, తప్పు పడిన సంఖ్య మొత్తానికి మార్కు తీసేయాలి.

శిక్షకుడు: ఆ లెక్కకు జవాబు లేదు. అయితే అటువంటి పరీక్షకు విద్యార్థిని తయారు చేసే పద్ధతి కూడా మారాలి. పొడుగు సంఖ్యను మూడేసి, నాలుగేసి అంకెల గుంపులుగా చూసి ఒక్కో గుంపును ఒక్క ఊపులో కొట్టడం నేర్పాలి; ఆధార్ సంఖ్యను నాలుగేసి అంకెలుగా విడగొట్టి ముద్రించడంలో ఉన్న సదుపాయం ఇదే. గుంపు మధ్యలో వేలు తడబడినట్టు అనిపిస్తే బ్యాక్‌స్పేస్‌తో ఒక అంకె చెరిపి అక్కడి నుంచి కొనసాగించడం కంటే గడి మొత్తం చెరిపి మొదటి అంకె నుంచి మళ్లీ కొట్టడం మేలు. ఎన్ని అంకెలు పడ్డాయో తెర వైపు చూసి లెక్కించుకునే పని ఉండదు, కాగితం మీది చూపు కదలదు. ఇలా కొట్టేవారి నొక్కులు లెక్కకు ఎక్కువ కనిపిస్తాయి, సంఖ్యలు తక్కువ కనిపిస్తాయి.

పర్యవేక్షకురాలు: ఆ చెరిపి కొట్టిన నొక్కులకు డబ్బు ఎవరిస్తారు మాస్టారూ? చీటీకి ఇంత అని కట్టే కేంద్రంలో ఆపరేటరు తడబాటు తోచినా గడి చెరపరు, ఎంటర్ నొక్కి తరువాతి చీటీకి వెళతారు. పట్టుబడితే కోత, పట్టుబడకపోతే కూలి.

శిక్షకుడు: అది కాంట్రాక్టు ప్రశ్న, చేతి పద్ధతి ప్రశ్న కాదు.

పర్యవేక్షకురాలు: చెరపాలో వద్దో ఆ వేలికి చెబుతున్నది కాంట్రాక్టే అయినప్పుడు రెంటినీ విడదీయడం కుదరదు. ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చే కొత్తవారికి మొదటి మూడు నెలలు చీటీ లెక్క కాకుండా గంట లెక్కన వేతనం ఇచ్చి, తూకపు చీటీలూ సెంట్లలో రాసిన విస్తీర్ణాలూ మాత్రమే అప్పగించి, ద్వంద్వ నమోదుతో తప్పులు లెక్కించవచ్చు. సగం మందికి కీబోర్డు చూసే స్వేచ్ఛ ఉండాలి, సగం మందికి ఉండకూడదు.

శిక్షకుడు: చూసే స్వేచ్ఛ ఉన్నవారికి కూడా కాగితం స్టాండు ఇవ్వాలి, కీబోర్డు కాళ్లు మడిచే ఉండాలి. లేకపోతే పోటీ చూపుకూ చూపుకూ మధ్య జరగదు, సిన్సినాటిలో జరిగినట్టు మిషనుకూ మిషనుకూ మధ్య జరుగుతుంది.

పర్యవేక్షకురాలు: స్టాండ్లు కొనడానికి అభ్యంతరం లేదు, గంట వేతనానికి యాజమాన్యాన్ని ఒప్పించడమే కష్టం.